మూతలో మిగిలిన పిన్ను

మా వీధి చివర కారు షెడ్డు నడిపే ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి ఎవరినా అని చూస్తుంది. అందరికీ ఆవిడ పానాలక్క. నాకన్నా బాగా చిన్నదే. అయినా నేనూ అక్క అనే అంటాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ వీధిలో కనబడ్డ ప్రతివాళ్లూ నన్ను టీచరుగారూ, టీచరుగారూ అని పిలిచారు కదా, ఇప్పుడు ఖాళీగా ఉన్నాను, నాకూ ఎవరినో ఒకరిని నోరారా పిలవాలని ఉండదా మరి. ఆవిడ మాత్రం నన్ను పంతులమ్మగారూ అంటుంది. అందులో గౌరవం ఎంతో వేళాకోళం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పొట్టి మనిషి. చీరమీద భర్త పాత చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతిదాకా మడిచి, జుట్టు గుడ్డముక్కలో కట్టేసుకుని ఉంటుంది. ఆవిడ నవ్వితే ముందు బుగ్గమీది గ్రీజు నవ్వుతుంది, తర్వాత ఆవిడ నవ్వుతుంది. ఒకాయన కొత్త కారు తెచ్చి, ఎప్పుడు చూసినా ఏదో ఒక చప్పుడొస్తోందని గోల పెడితే, బండంతా తట్టి చూసి, "దీనికే జబ్బూ లేదండీ, మీరు తలుపు మూసినప్పుడల్లా మీ కోపం చప్పుడవుతోంది" అని పంపించింది. ఆయన మళ్లీ ఆ షెడ్డుకే వస్తాడు. పానాలక్క చేత మాట అనిపించుకోకపోతే రిపేరు పూర్తయినట్టు ఉండదు మా వీధివాళ్లకి.

అలాంటి మనిషి ఒక్క పనిదగ్గర మాత్రం నవ్వదు. స్ప్రింగు విప్పేటప్పుడు.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. పాఠం చెప్పే బుద్ధి ఎక్కడికీ పోదు, ఓపిక పట్టండి. కారు ముందు చక్రాల వెనకాల ఒక్కోదానికి నిలువుగా ఒక కాలు ఉంటుంది. మధ్యలో నూనె నిండిన గొట్టం, అదే షాకు. దాని చుట్టూ నా ముంజేయంత పొడుగున లావుపాటి ఇనప స్ప్రింగు. రెండూ కలిపి స్ట్రట్ అంటారు. గుంటలో చక్రం పడ్డప్పుడు మన నడుం విరగకుండా కాపాడేది ఇదే. అయితే ఆ స్ప్రింగు గొట్టం చుట్టూ ఊరికే తొడిగి ఉండదు. దాన్ని బలవంతాన అణిచి, కుదించి, కూర్చోబెట్టి, నెత్తిన ఇనప పళ్లెం పెట్టి ఒకే ఒక్క నట్టు బిగిస్తారు. ఆ నట్టు ఉన్నన్నాళ్లూ అది బుద్ధిమంతురాలు. స్ప్రింగుని రెండువైపులా కొక్కేలున్న క్లాంపులతో పట్టి ఉంచకుండా ఆ నట్టు విప్పారా, అన్నేళ్లు మింగిన కోపమంతా ఒక్క క్షణంలో కక్కుతుంది. ఎటు ఎగురుతుందో దానికే తెలియదు.

పానాలక్క స్ప్రింగుని అల్లుడుగారు అంటుంది. "కుర్చీలో కదలకుండా కూర్చున్నారు కదా అని ధైర్యంగా ఉండకూడదండీ. ఎందుకు లేస్తారో ఎవరికీ తెలీదు" అంటుంది. ఇది జోకే. కానీ అనేటప్పుడు ఆవిడ మొహంలో నవ్వుండదు. పైకప్పు రేకువైపు ఒకసారి చూస్తుంది.

ఆ రేకులో ఒక సొట్ట ఉంది.

పానాలక్క పుట్టినిల్లు కారు సీట్లకి కవర్లు కుట్టే ఇల్లు. చిన్నప్పటినుంచీ సూది, దారం, మందపాటి రెక్సిన్. పెళ్లయి వచ్చాక ఈ షెడ్డులో ఆవిడ పని టీ ఫ్లాస్కు తెచ్చి పెట్టడం, సాయంత్రం ఊడ్చడం. షెడ్డు మేస్త్రి ఆవిడ భర్త. పనిమంతుడు, మాట తక్కువ. వేళకి తినడు. అందుకే ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడి, ముందు వచ్చి తాగు తర్వాత ఆ పని చెయ్యి అని రోజూ పోట్లాడేదట. ఒకరోజు అలాగే పోట్లాడబోతూ నోరు తెరిచింది. కోపంగా ఎవరో తలుపు విసిరి కొట్టినట్టు ఒక చప్పుడు. స్ప్రింగు మేస్త్రి దవడని రాసుకుంటూ పోయి పైకప్పుకి తగిలి కిందపడింది. ఆయన నేలమీద కూర్చుని, దవడ పట్టుకుని, ఎవరు కొట్టారా అన్నట్టు చుట్టూ చూస్తున్నాడు. వేళ్లసందుల్లోంచి రక్తం.

"ఆయన్ని చూస్తే భయమెయ్యలేదు పంతులమ్మగారూ" అని ఒకసారి నాతో చెప్పింది. "అది దొర్లుకుంటూ వచ్చి నా కాళ్లదగ్గర ఆగిందండీ. ఇంటికొచ్చిన చుట్టంలాగ. దాన్ని చూస్తే భయమేసింది."

మేస్త్రి దవడ అతుక్కుంది. మాట కొంచెం పక్కకి ఒరిగింది, ఎడంవైపు నమలలేడు. పనిలోకి వచ్చాడు. ఇంజను విప్పాడు, బ్రేకులు బిగించాడు, అన్నీ మామూలే. స్ప్రింగు పని వచ్చిందంటే మాత్రం సామాను దొరకడంలేదనేవాడు, వచ్చే వారం రమ్మనేవాడు. వచ్చే వారం వస్తే ఇంట్లో లేనని చెప్పించేవాడు. ఒకసారి ధైర్యం చేసి క్లాంపు చేతిలోకి తీసుకున్నాడట. చేతిలో అది కటకటా కొట్టుకుంటుంటే, చలిజ్వరం వచ్చిందేమో అని నుదుటిమీద చెయ్యి వేసి చూసింది ఆవిడ. నుదురు చల్లగా ఉంది.

ఒక పని వద్దన్న షెడ్డుకి జనం మిగతా పనులూ తేవడం మానేస్తారు. మెల్లగా షెడ్డు ముందు ఎండ తప్ప ఏమీ నిలబడని రోజులొచ్చాయి. అప్పుడు పానాలక్క ఫ్లాస్కు కింద పెట్టి క్లాంపు చేతిలోకి తీసుకుంది. నువ్వు చెప్పు, నేను చేస్తాను, నువ్వు చూడనక్కర్లేదు అంది.

అదిగో అప్పటినుంచి వాళ్ల పద్ధతి అది. షెడ్డుకీ వాళ్లుండే గదికీ మధ్య ఒక గోడ, గుమ్మానికి ఆవిడ సీటు గుడ్డతో కుట్టిన తెర. స్ప్రింగు విప్పే వేళకి మేస్త్రి గదిలోకి పోయి, గోడకేసి మొహం పెట్టుకుని స్టూలుమీద కూర్చుని, చేతులు రెండూ మోకాళ్లమధ్య పెట్టుకుంటాడు. అక్కణ్నుంచి వరసగా అడుగుతాడు. ఇవతల ఆవిడ చేస్తూ జవాబిస్తుంది. వైసు? బిగించా. మొదటి క్లాంపు? పెట్టా. పిన్ను? వేశా. రెండో క్లాంపు? పెట్టా. పిన్ను? వేశా. వైసు అంటే విప్పాల్సినదాన్ని బల్లకి కదలకుండా పట్టి ఉంచే ఇనప పట్టు. పిన్ను అంటే క్లాంపు కొక్కెం స్ప్రింగు చుట్టమీంచి జారిపోకుండా అడ్డం దూర్చే చిన్న ఇనప ముక్క. రెండు క్లాంపులకి రెండు. రెండూ ఒక డబ్బా మూతలో పెట్టుకుంటుంది. రెండూ వేశాక ఖాళీ మూతని బల్లమీద టప్పున బోర్లిస్తుంది. ఆ టప్పు వినబడితేనే మేస్త్రి తర్వాతి మాట అంటాడు. మా బడిలో హాజరు కూడా ఇంత పద్ధతిగా జరిగేది కాదు.

ఇందులో ఇంకో సంగతుంది. మొదట్లో ఒకసారి ఆవిడ వేలు గీసుకుని అబ్బా అంది. అంతే, అబ్బా. గోడ అవతల స్టూలు పడిన చప్పుడు. తెర తీసి చూస్తే మేస్త్రి లేడు. వెనక గుమ్మంలోంచి వీధిలోకి వెళ్లిపోయాడు. చీకటి పడ్డాక ఎక్కడో మూసిన కొట్టు మెట్లమీద కూర్చున్న మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆరోజునుంచి పానాలక్క నోట ఆ పనిలో ఉన్నంతసేపూ అబ్బా లేదు, అయ్యో లేదు. ఏం జరిగినా ఒకే గొంతు. పెట్టా. వేశా. అయింది. ఆవిడకి భయంలేదని వీధంతా అనుకుంటుంది. మేస్త్రి కూడా అదే అనుకున్నాడు.

ఇక నా కారు సంగతి. కొనేనాటికే అది ఒకరి చేతిలో సంసారం చేసి వచ్చింది. నా చేతిలో ముసలిదైపోయింది. ఈమధ్య కుడివైపు ఒరిగి, తల పక్కకి వాల్చి వినే పిల్లలా నిలబడేది. స్పీడుబ్రేకర్ ఎక్కితే ముందు టక్, దిగితే కుడివైపు ఏదో కర్రుమని గీసిన చప్పుడు. పానాలక్క ముందు బంపర్ పట్టుకుని నొక్కి వదిలింది. కారు నీళ్లలో పడవలా ఊగుతూనే ఉంది. షాకులు పోయాయి, స్ప్రింగులు కుంగాయి, ముందు రెండు కాళ్లూ మార్చాల్సిందే అంది. నేను ఊరుకోవచ్చు కదా, మరి ఇన్నాళ్లు నడిచింది కదా అక్కా, ఇంకొన్నాళ్లు నడవదా అన్నాను. "నడుస్తుందండీ. మీ మోకాళ్లు నడవట్లేదూ, అలాగ" అంది.

ఆరోజు పొద్దున్నే వెళ్లాను. కారు జాకీమీదికి లేచి, కింద స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలు రెండూ ఊడి పక్కన పడుకున్నాయి. మేస్త్రే కింద బోల్టులు విప్పి, బానెట్ ఎత్తి పైన నట్లు విప్పి, రెండు కాళ్లూ ఊడదీసి బల్లమీద పెట్టాడు. అంతవరకూ ఆయనకి ఇబ్బంది లేదు, స్ప్రింగు నెత్తిన నట్టు బిగిసే ఉంది కదా. చేతులు తుడుచుకుని గదిలోకి నడిచాడు. స్ప్రింగు విప్పేటప్పుడు షెడ్డులో పరాయివాళ్లు నిలబడకూడదని ఆవిడ నియమం. నన్నూ లోపలికి తోలింది. మేస్త్రి స్టూలుకి వెనకాల, సామాను పెట్టెమీద కూర్చున్నాను. మామూలుగా నేను నోరు మూసుకుని కూర్చోవడమంటే మా ఇంట్లోవాళ్లు పందెం కాస్తారు. ఆ గదిలో మాత్రం నోరు దానంతటదే మూసుకుంది.

ఎడమ కాలు అనుకున్నట్టే అయింది. అడగడం, జవాబు, టప్. క్లాంపు బోల్టుల్ని అటు కొంచెం ఇటు కొంచెం బిగిస్తుంటే స్ప్రింగు మూలిగే చప్పుడు గోడలోంచి వచ్చేది. ఆ మూలుగు వచ్చినప్పుడల్లా ముందున్న మేస్త్రి వీపు చొక్కాకింద బిగుసుకునేది. నట్టు ఊడింది. పాతది వచ్చింది, కొత్తది ఎక్కింది, నట్టు బిగిసింది. మేస్త్రి మోకాళ్లమధ్యనుంచి చేతులు తీసి ఊపిరి వదిలాడు. నేనూ వదిలాను.

కుడి కాలు మొదలైంది. వైసు, క్లాంపు, పిన్ను, క్లాంపు, పిన్ను. టప్. ఇక తిప్పు అన్నాడు మేస్త్రి. స్ప్రింగు మూలగడం మొదలుపెట్టి, మధ్యలో ఠంగుమని ఒక చప్పుడు చేసి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదు. పానా జారింది."

అదే గొంతు, ఒక్క పిసరు తేడా లేదు. కాసేపు ఇనుము గీరుకున్న చప్పుళ్లు. మళ్లీ మూలుగు మొదలైంది. మేస్త్రి నమ్మాడు. నేను నమ్మలేదు. ఏం లేదు టీచర్ అన్న మాట పిల్లల నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాట అన్న పిల్లవాడి జేబు తడిమితే ఏదో ఒకటి ఉండేది. లోపల అనుమానం తొలుస్తూనే ఉంది. ఇవతల మేస్త్రి స్ప్రింగు వదులైందా అని అడిగాడు, అయింది అంది. నట్టు తిప్పు అన్నాడు. తిప్పుతున్నా అంది. నేను చప్పుడు కాకుండా లేచి తెర దగ్గరకి వెళ్లి, కుట్టు ఊడినచోట కన్ను పెట్టాను.

పానాలక్క పక్కకి తిరిగి నిలబడి నట్టు విప్పుతోంది. మేస్త్రి నేర్పినట్టే మొహం స్ప్రింగుకి ఎదురుగా పెట్టలేదు. కానీ బల్లమీద బోర్లించిన మూత ఇప్పుడు వెల్లకిలా ఉంది. అందులో ఒక పిన్ను.

ఏం జరిగిందో ఆవిడ తర్వాత చెప్పింది. ఆ స్ప్రింగు అడుగు చుట్ట ఎప్పుడో విరిగి, రబ్బరు కింద తుప్పులో దాక్కుంది. కర్రుమని గీసిన చప్పుడు దానిదే. క్లాంపు బిగిస్తుంటే విరిగిన చోట స్ప్రింగు తిరిగిపోయి రెండో కొక్కెం పక్కకి ఒరిగింది. ఆవిడ దాన్ని వదులు చేసి, పిన్ను తీసి మూతలో వేసి, కొక్కేన్ని పై చుట్టకి మార్చింది. మారుస్తూనే, గోడ అవతల మనిషికి అనుమానం రాకుండా ఏం చెప్పాలా అని ఆలోచించింది. ఆ ఆలోచనలో పిన్ను మూతలోనే ఉండిపోయింది. చెప్పి ఉంటే ఆయన మళ్లీ మొదటినుంచీ అడిగేవాడు, పిన్ను దగ్గరకి వచ్చేవాడు. చెప్పలేదు కాబట్టి, అడిగిన మాట రెండోసారి అడగలేదు.

అదంతా తర్వాతి సంగతి. అప్పటికి నాకు తెలిసిందల్లా మూతలో ఉండకూడనిది ఉందని. గట్టిగా అరవాలని నోటిదాకా వచ్చింది. అరిస్తే ఆవిడ ఉలిక్కిపడి ఇటు తిరుగుతుంది. తిరిగితే మొహం దానికి ఎదురుగా వస్తుంది. అరవకపోతే నట్టు విప్పుతూనే ఉంటుంది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచి, మేస్త్రి చెవిదగ్గర వంగి, మూతలో పిన్ను ఉందని చెప్పాను.

ఆ మనిషి మొహంలో రంగు పోవడం అంత దగ్గరగా చూడాల్సింది కాదు. ఇక అయిపోయింది, ఈయన వీధిలోకి పారిపోతాడు అనుకున్నాను. ఆయన కదల్లేదు. గొంతు సవరించుకుని, ఎప్పటి గొంతుతోనే అన్నాడు.

"నట్టు ఆపు. వెనక్కి ఎక్కించు."

అవతల చప్పుడు ఆగింది. ఇన్నేళ్లలో ఆయన వరస తప్పి మాట్లాడింది అదే మొదటిసారి. ఆవిడ ఎందుకని అడగలేదు. మూత చూసుకుని ఉంటుంది. నట్టు ఎక్కించకుండానే పిన్ను ఒక చేత్తో తీసుకుని, రెండో చెయ్యి కొక్కెం దగ్గర పెట్టి దూర్చబోయింది. అప్పుడు వచ్చింది ఆ చప్పుడు. పెద్దదేం కాదు. పలకమీద గోరుతో గీసినట్టు, సన్నగా, పొడుగ్గా. కొక్కెం జారుతోంది. జారి, ఎక్కడో ఒక అంచు పట్టుకుని ఆగింది.

తర్వాత ఆవిడ గొంతు, ఈసారి పల్చగా.

"నువ్వు రాకు. గ్లౌజు ఇరుక్కుంది, అంతే. నువ్వక్కడే ఉండు."

మేస్త్రి లేచాడు. తెర తీశాడు. ఆవిడ ఎడమచేతి గ్లౌజు వేళ్లకొసలు కొక్కెం కింద నలిగి ఉన్నాయి. లోపల ఆవిడ వేళ్లు కొసకి ఎంత దూరంలో ఉన్నాయో కనబడటంలేదు. స్ప్రింగు నిటారుగా లేదు, ఒకవైపు ఉబ్బి, విల్లులా వంగి ఉంది. ఆ ఉబ్బు సరిగ్గా ఆవిడ మెడవైపుకి తిరిగి ఉంది. గ్లౌజు లాగితే కొక్కెం కదులుతుంది. లాగకపోతే ఆవిడ ఎటూ పోలేదు. నట్టు సగానికి పైగా ఊడి ఉంది.

మేస్త్రి ఒక కాలు గడపమీద పెట్టాడు. రెండోది లేవలేదు. గుమ్మం పక్క చెక్కని పట్టుకున్న చెయ్యి కటకటా కొట్టుకుంటోంది. ఆ చప్పుడుని ఆవిడ అదివరకు ఒకసారి వింది. రాకు అనడం మానేసింది. కళ్లు స్ప్రింగుమీదే ఉంచి, వరసగా చెప్పడం మొదలుపెట్టింది. అచ్చం ఆయన చెప్పేటట్టే.

"మేస్త్రీ. గొలుసు."

ఆయన ఇంకా గడపమీదే ఉన్నాడు.

"ఇంజను ఎత్తే గొలుసు. కుడిపక్క కొక్కేనికి ఉంది."

"ఆఁ" అన్నాడు. రెండో కాలు గడప దాటింది. గొలుసు తీసుకున్నాడు. దాని లింకులన్నీ చేతుల్లో గలగలమంటూ ఒణుకుతున్నాయి. స్ప్రింగు చుట్టూ తిప్పి వైసు కాలికి కట్టమంది. ముఖం పక్కకి పెట్టుకో అంది. అది ఆయన గోడ అవతలనుంచి ఆవిడకి రోజూ చెప్పే మాటే. ఆయన మొహం పక్కకి తిప్పి, తడుముకుంటూ, గొలుసు చుట్టాడు. కట్టా అన్నాడు. కట్టాకే అన్నాడు, అది నేను చూశాను.

"పైనున్న పళ్లెం ఒరిగింది. అరచేత్తో తిన్నగా నొక్కు. నొక్కి నట్టు ఎక్కించు."

నట్టుకి పానా తగిలించడానికే ఎంతసేపో పట్టింది. పానా నట్టుని కొడుతోంది కానీ పట్టుకోవడంలేదు. అప్పుడు మళ్లీ గోరు గీసిన చప్పుడు. కొక్కెం ఇంకో నూలుపోగంత జారింది. మేస్త్రి చేతులు గాలిలో ఆగిపోయాయి. కళ్లు పైకప్పు సొట్టమీదికి వెళ్లాయి. నేను తెర గుడ్డని రెండు చేతులా పట్టుకుని మెలిపెడుతున్నాను, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

"అల్లుడుగారు అలిగారు, అంతే" అంది పానాలక్క. "తిప్పు."

తిప్పాడు. పట్టుకుంది. ఇంకొంచెం తిప్పాడు. ప్రతి తిప్పుకీ ఆవిడ ఊఁ అనేది, ఆయన ఆఁ అనేవాడు. స్ప్రింగు మెల్లగా నిటారయింది, మెడవైపున్న ఉబ్బు తగ్గింది. నట్టు అడుక్కి దిగి గట్టిపడ్డాక, క్లాంపు వదులు చెయ్యి అంది. ఆయన చేశాడు. కొక్కెం పైకి లేచింది. గ్లౌజు ఊడి వచ్చింది.

ఆవిడ గ్లౌజు తీసి వేళ్లు చూసుకుంది. అన్నీ ఉన్నాయి. మధ్యవేలు గోరు కింద నల్లగా కమిలింది, అంతే. నాలుగు అడుగులు వెనక్కి వేసి టైరుమీద కూలబడింది. మేస్త్రి బయటికి వెళ్లి కాలవ దగ్గర వాంతి చేసుకుని, మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. తిరిగొచ్చాడు, అదీ నేను చెప్పదలుచుకున్నది. వచ్చి ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"ఏం లేదన్నావు" అన్నాడు.

"నువ్వు భయపడతావని."

"భయపడతాను. పడితే పడనీ. చెప్పు."

అంతకుమించి ఆ మొగుడూపెళ్లాల మధ్య నిలబడటం బాగుండదనిపించి, టీ పెడతానని గదిలోకి వెళ్లిపోయాను. పెట్టి ఇద్దరికీ ఇచ్చాను. తాగేశారు. నా గ్లాసు నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, పాలూ పంచదారా మరగపెట్టి ఇచ్చానని, టీపొడి వెయ్యలేదని. ఇద్దరిలో ఒక్కరూ ఆ మాట అనలేదు. గ్లాసులు కడగబోతుంటే పానాలక్క నా చేతుల్లోంచి తీసుకుని, "మా పంతులమ్మగారికి నోరు మూసుకోవడం కూడా వచ్చండోయ్" అంది. నవ్వబోయింది. బుగ్గమీది గ్రీజు నవ్వింది కానీ ఆవిడకి రాలేదు.

ఆరోజు ఇక పని చెయ్యలేదు. నా కారు చక్రాల్లేకుండా స్టాండ్లమీదే ఉండిపోయింది. మర్నాడు కుడి కాలు ఎలా పూర్తి చేశారో నేను చూడలేదు, చూడాలని అనిపించలేదు. సాయంత్రం ఇంటికి తెచ్చి ఇచ్చారు. ఒరగడం లేదు, టక్కు లేదు, కర్రు లేదు. మెత్తగా పోతోంది. కానీ స్పీడుబ్రేకర్ వస్తే మాత్రం నేను ఆగి, దిగబోయే మనిషిలా నెమ్మదిగా ఎక్కించి, నెమ్మదిగా దించుతాను. వెనక బళ్లవాళ్లు హారన్ కొట్టి తిడతారు. తిట్టనీ. నా పాదాలకి ముందు, అటొకటి ఇటొకటి, అణిగి కూర్చున్నవాటి సంగతి వాళ్లకేం తెలుసు.

పానాలక్కకి భయం లేదని వీధి ఇప్పటికీ అంటుంది. ఒకసారి అడిగాను, ఇన్నాళ్లూ లోపల భయంగా ఉండేదా అని. కమిలిన గోరు ఊడి కొత్తది వస్తోంది అప్పటికి. దాన్ని చూసుకుంటూ, స్ప్రింగు పని ఉన్న రోజు పొద్దున ఇల్లు ఊడ్చి, బట్టలు ఉతికి ఆరేసి, అన్నీ సర్ది మరీ షెడ్డులోకి వస్తానంది. ఎందుకు అన్నాను. గ్లౌజు తొడుక్కుని పానా అందుకుంది. నేను మళ్లీ అడగలేదు.

మొన్న కూరలకి వెళ్తూ షెడ్డు ముందునుంచి నడుస్తున్నాను. లోపల ఎవరిదో కారు స్టాండ్లమీద ఉంది. గోడ అవతలనుంచి మేస్త్రి గొంతు, పక్కకి ఒరిగిన ఆ మాట. వైసు. క్లాంపు. పిన్ను. రెండో క్లాంపు. తర్వాత, పిన్ను.

జవాబు రాలేదు. నా కాళ్లు ఉన్నచోటే ఆగిపోయాయి.

"ఆగు" అంది పానాలక్క. "ఇంకా వెయ్యలేదు. చెయ్యి ఒణుకుతోంది."

"సరే" అన్నాడు గోడ అవతలనుంచి.

స్టూలు పడిన చప్పుడేదీ రాలేదు. ఆయన ఎదురుచూస్తున్నాడు. ఆవిడ తొందరపడటం లేదు. ఖాళీ సంచి గుండెలకి అదుముకుని, ఎండలో, మూత బోర్లించిన చప్పుడు వినబడేదాకా నేనూ అక్కడే నిలబడ్డాను.